నెమ్ము పేరు ఒకటే, కారణాలు వేరు

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గంవారు ఈ ఏడు నన్ను ఆరోగ్య విషయం ఏదైనా ఒకటి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో ముప్ఫై మూడేళ్లు గుమాస్తాగిరీ చేసి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మందుల ఇండెంట్లు, అంటువ్యాధుల వారపు నివేదికలు, స్టాకు రిజిస్టర్లు నా చేతిమీదుగా వెళ్లేవి. అందువల్ల జబ్బుల పేర్లు కొన్ని పరిచయమయ్యాయి. రిటైరయ్యాక తీరిక దొరికి, తెలిసిన డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి మరికొంత తెలుసుకున్నాను. కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయేది వైద్యం కాదు. ఏ మందు ఎవరికి వాడాలో మీ డాక్టరుగారే చెప్పాలి. రోగకారణాన్ని వైద్యులు ఎలా వెతుకుతారు, ఆ వెతుకులాటలో మన వంతు ఏమిటి – అంతవరకే నా ప్రసంగం.

విషయం ఏమిటంటే, తీవ్రమైన నిమోనియాతో ఐ.సి.యు.లో చేరిన రోగికి ఆ జబ్బు దేనివల్ల వచ్చిందో కనిపెట్టడం. ఇది మనకెందుకు అనుకోవద్దు. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా రెండు విడతలు మన సభ్యులలో ఎందరిని తీసుకుపోయిందో ఈ హాలులో ఖాళీగా ఉన్న కుర్చీలే చెబుతాయి. కరోనా తగ్గినా నిమోనియా తగ్గలేదు. మన వయసులో షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారికి అది ఎప్పుడైనా రావచ్చు. వచ్చిననాడు మనం మంచంమీద ఉంటాం, ఐ.సి.యు. గది బయట మన పిల్లలు నిలబడి ఉంటారు. ఆ సమయంలో డాక్టరు అడిగే ప్రశ్నలకు వారి దగ్గర జవాబు ఉండాలి. నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే.

నెమ్ము అంటే ఏమిటి?

మన ఊపిరితిత్తుల్లో లెక్కలేనన్ని చిన్న చిన్న గాలి గదులుంటాయి. పీల్చిన గాలి అక్కడికి చేరి, అక్కడినుండి ప్రాణవాయువు రక్తంలో కలుస్తుంది. ఆ గదుల్లోకి క్రిములు చేరి, చీము, నీరు నిండితే గాలికి చోటుండదు. దీన్నే మన పెద్దలు నెమ్ము చేసిందనేవారు, డాక్టర్లు నిమోనియా అంటారు. చాలామందికి మాత్రలతోనే తగ్గిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, బి.పి. నిలవక, మనిషి మగతలోకి వెళితే మాత్రం అది తీవ్రమైన నిమోనియా. అటువంటివారికే ఐ.సి.యు., వెంటిలేటరు అవసరమవుతాయి.

మన వయసువారికి ఒక హెచ్చరిక. కుర్రవాళ్లకు వచ్చినట్లు మనకు చలిజ్వరం, దగ్గు రాకపోవచ్చు. అన్నం మానేయడం, నడుస్తూ నడుస్తూ తూలిపడటం, మాట తికమక కావడం, ఊపిరి వేగంగా తీయడం – ఇవే మొదటి గుర్తులు కావచ్చు. ‘వయసు మీదపడింది, అంతే’ అని ఇంట్లోవాళ్లు రెండు రోజులు ఊరుకుంటే ఆ రెండు రోజులూ నష్టమే.

ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో తెల్లటి మచ్చ కనిపిస్తుంది. గాలి ఉండవలసినచోట మరేదో ఉన్నదని మాత్రమే దాని అర్థం. గుండె బలహీనపడి నీరు చేరినా తెల్లగానే ఉంటుంది, లోపల రక్తం చిమ్మినా తెల్లగానే ఉంటుంది. అందుచేత డాక్టరుకు మొదటి ప్రశ్న ‘ఇది అసలు నిమోనియాయేనా?’ అని. అవునని తేలాక రెండవ ప్రశ్న ‘ఏ క్రిమివల్ల?’ అని. మన తపాలా సెక్షనుకు పంపినవారి పేరులేని కవరు వచ్చినట్లన్నమాట. కవరు వచ్చినట్లు ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించగలం గానీ, ఎవరికి జవాబు రాయాలో తెలియదు.

పేరు ఎందుకు కావాలి?

న్యూమోకాకస్, క్లెబ్సియెల్లా, స్టెఫైలోకాకస్ వంటి బాక్టీరియాలు, ఇన్‌ఫ్లుయెంజా, కరోనా వంటి వైరస్‌లు, క్షయ క్రిమి, బూజు జాతులు – ఇవన్నీ నిమోనియా తెచ్చేవే. పొదల్లోని నల్లిజాతి పురుగు పిల్లలు కుట్టడంవల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరంలోనూ ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వీటిలో ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు. బాక్టీరియా మందు వైరస్‌ను ఏమీ చేయదు. క్షయకు మామూలు యాంటీబయాటిక్ చాలదు. పైగా మామూలు నిమోనియాకు వాడే కొన్ని మందులు క్షయను కొద్దిరోజులు అణచిపెట్టి, అసలు జబ్బు బయటపడటాన్ని ఆలస్యం చేస్తాయి. పైకి ఆయాసం ఒక్కటే, లోపలి శత్రువులు ఇందరు.

ఈ ప్రశ్న ఈనాటిది కాదు. 1880లలో జర్మనీలో దీనిమీద పెద్ద వాదమే నడిచింది. ఫ్రీడ్‌లాండర్ అనే డాక్టరు నిమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల్లో ఒక క్రిమిని చూసి ఇదే కారణమన్నాడు. ఫ్రాంకెల్ అనే మరొక డాక్టరు తాను చూసిన వేరొక క్రిమి కారణమన్నాడు. అప్పట్లో బెర్లిన్‌లో ఫ్రీడ్‌లాండర్ దగ్గర పనిచేస్తున్న గ్రామ్ అనే డెన్మార్క్ దేశపు డాక్టరు, ఊపిరితిత్తుల ముక్కల్లో క్రిములు స్పష్టంగా కనబడటానికి ఒక రంగు అద్దే పద్ధతిని 1884లో ప్రకటించాడు. కొన్ని క్రిములు ఆ ఊదారంగును పట్టి ఉంచుకుంటాయి, కొన్ని వదిలేస్తాయి. ఫ్రాంకెల్ చూసిన క్రిమి రంగును నిలుపుకునేది, ఫ్రీడ్‌లాండర్ చూసినది వదిలేసేది. ఇద్దరూ చూసినది నిజమే. నిమోనియాకు కారణం ఒక్కటే అనుకోవడమే పొరపాటు. గ్రామ్ రంగు పరీక్ష నేటికీ ప్రతి ఆసుపత్రి లాబొరేటరీలో చేస్తారు. గంటలోపే మొదటి ఆనవాలు ఇస్తుంది, ఖర్చు కూడా తక్కువ.

ఒక విశ్రాంత సైనికుల సభ కథ

ఇప్పుడు చెప్పబోయేది మనవంటి సంఘం వారి కథే. 1976 జూలై 21 నుండి 24 వరకు అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో, బెల్‌వ్యూ స్ట్రాట్‌ఫర్డ్ అనే పెద్ద హోటల్లో, అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘంవారి రాష్ట్ర మహాసభ జరిగింది. మనలాగే వయసు మళ్లినవారు చాలామంది వచ్చారు. పాత మిత్రులను కలిశారు, ఉపన్యాసాలు విన్నారు, ఇళ్లకు వెళ్లారు. వెళ్లిన కొద్దిరోజులకే ఒక్కొక్కరూ జ్వరంతో, ఆయాసంతో ఆసుపత్రుల్లో చేరసాగారు. మొత్తం 221 మందికి జబ్బు చేసింది, 34 మంది చనిపోయారు.

కారణం ఎవరికీ అంతుచిక్కలేదు. ఫ్లూ అన్నారు, కాదని తేలింది. విషప్రయోగమన్నారు, లోహపు విషమన్నారు, ఏదీ నిలవలేదు. రోగుల నమూనాలను మామూలు పద్ధతిలో కల్చర్ చేస్తే ఏ క్రిమీ పెరగలేదు. ఐదు నెలలు గడిచాక, 1976 డిసెంబరు చివర, అట్లాంటాలోని ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రంలో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రజ్ఞుడు, ఇదివరకు చూసి పక్కన పెట్టిన గాజు పలకలను మళ్లీ తీసి చూశాడు. ఒకచోట గుంపుగా ఉన్న కడ్డీలవంటి క్రిములు కనిపించాయి. వాటి వెంటపడి 1977 జనవరిలో కారణాన్ని ప్రకటించారు. ఆ సంఘం పేరుమీదుగానే దానికి లీజియొనెల్లా అని పేరు పెట్టారు. హోటల్ ఎయిర్ కండిషన్ యంత్రానికి సంబంధించిన నీటిలో పెరిగి, తుంపరగా గాలిలో కలిసి, మనుషుల ఊపిరితిత్తుల్లోకి చేరిందని భావించారు. హోటల్లో అడుగుపెట్టకుండా ఆ వీధిలో నడిచిపోయినవారిలోనూ కొందరికి జబ్బు చేసిందంటే చూడండి.

ఇందులో మనం గ్రహించవలసినవి రెండున్నాయి. ఆ క్రిమి 1976లో కొత్తగా పుట్టినది కాదు. 1965లో వాషింగ్టన్‌లోని ఒక మానసిక వైద్యశాలలో కారణం తెలియక మిగిలిపోయిన నిమోనియా రోగుల రక్తం నమూనాలను దాచి ఉంచారు. వాటిని తీసి పరీక్షిస్తే అదీ ఈ క్రిమే అని తేలింది. పాత ఫైలు పారేయకుండా ఉంచినందుకు పన్నెండేళ్ల తరువాత జవాబు దొరికిందన్నమాట. రెండవది, ఆ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు, పెన్సిలిన్ జాతి మందుకు లొంగదు. ఎరిత్రోమైసిన్ వంటి మందు పడినవారే ఎక్కువమంది కోలుకున్నారు. ఇప్పుడు మూత్రంతోనే లీజియొనెల్లాలో ముఖ్యమైన రకాన్ని కొద్దిసేపట్లో గుర్తించే పరీక్ష ఉంది. అయితే ఆ అనుమానం డాక్టరుకు రావాలి, ఆ పరీక్ష రాయాలి. అడగని సమాచారం ఏ సెక్షనూ పంపదు కదా!

ఆనాడు కారణం తేలడానికి ఆరు నెలలు పట్టింది. 2019 డిసెంబరు 31న చైనాలోని వూహాన్ నగరంలో కారణం తెలియని నిమోనియా కేసుల సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిసింది. 2020 జనవరి రెండవ వారానికల్లా ఆ వైరస్ జన్యుపటం ప్రపంచం ముందు ఉంది. శాస్త్రం అంత ముందుకు పోయింది. అయినా ఆసుపత్రి మంచంమీద ఉన్న ఒక్క రోగి విషయంలో కారణం తేల్చడం నేటికీ సులువు కాదు. ఎందుకో చూద్దాం.

ఐ.సి.యు.లో ఏమేమి పరీక్షలు చేస్తారు?

మొదటిది రక్తం కల్చర్. రెండు వేర్వేరు చోట్ల సూది గుచ్చి రక్తం తీసి సీసాల్లో పెంచుతారు. క్రిమి రక్తంలోకి దిగినప్పుడే ఇది పట్టుకుంటుంది. నిమోనియా రోగుల్లో కొద్దిమందికే ఇలా దొరుకుతుంది, దొరికితే మాత్రం గట్టి సాక్ష్యం. ఒకరికి ఇన్నిసార్లు ఎందుకు గుచ్చారని మనవాళ్లు నర్సులను కోప్పడుతుంటారు. రెండుచోట్ల తీయడంలో అర్థం ఉంది. చర్మం మీది క్రిమి పొరపాటున సీసాలో పడిందా, నిజంగా రక్తంలోనే ఉన్నదా అన్నది రెండింటినీ పోల్చి చూస్తే తెలుస్తుంది.

రెండవది తెమడ. నోటిలోని ఉమ్మి పనికిరాదు, లోపలినుండి దగ్గి తీసినది కావాలి. వెంటిలేటరు మీద ఉన్నవారికి గొంతులో వేసిన గొట్టం ద్వారా పీల్చి తీస్తారు. మూడవది బ్రాంకోస్కోపీ. సన్నని గొట్టం దీపంతో సహా ఊపిరితిత్తిలోకి దింపి, కొంచెం ఉప్పునీరు పోసి, కడిగి, ఆ నీటిని వెనక్కు తీసి పరీక్షిస్తారు. నాలుగవది మూత్ర పరీక్ష, దాని సంగతి ఇందాక చెప్పాను.

ఐదవది పి.సి.ఆర్. కరోనా కాలంలో ముక్కులో పుల్ల పెట్టి చేసినది ఇదే. క్రిమిని పెంచకుండా, దాని జన్యుపదార్థాన్నే పట్టుకుని రెట్టింపులు చేసి గుర్తిస్తుంది. ఇప్పుడు ఒకే నమూనాతో అనేక క్రిములను కొద్ది గంటల్లో వెతికే పి.సి.ఆర్. పరికరాలు పెద్ద ఆసుపత్రుల్లో వచ్చాయి. క్షయకు వాడే సి.బి.నాట్ పరీక్ష ఈ జాతిదే. దాదాపు రెండు గంటల్లో క్షయ ఉన్నదీ లేనిదీ, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేదా అన్నదీ చెబుతుంది. మన దేశంలో క్షయ ఎక్కువ గనుక, తగ్గని నిమోనియాలో ఈ పరీక్ష మరచిపోకూడదని డాక్టర్లు అంటారు.

మరి ఇన్ని ఉండగా చిక్కెక్కడ? దొరికిన క్రిమే దోషి అని చెప్పలేకపోవడంలో ఉంది. గొట్టం వేసిన కొద్దిరోజులకే గొంతులోనూ, గొట్టంలోనూ ఆసుపత్రి క్రిములు కాపురం పెడతాయి. అవి అక్కడ ఊరికే ఉన్నాయా, లోపల జబ్బు తెచ్చాయా అన్నది తేల్చడం కష్టం. సంఘటన స్థలంలో కనబడ్డ ప్రతివాడూ దొంగ కాడు కదా. పి.సి.ఆర్. అయితే చచ్చిన క్రిమిని కూడా చూపిస్తుంది. అందుకే సంఖ్య చూస్తారు. ఊపిరితిత్తి కడిగిన నీటిలో ఒక మి.లీ.కు 10,000 లేదా అంతకు పైబడి క్రిములు పెరిగితే దోషి అయ్యే అవకాశం ఎక్కువని ఒక లెక్క పెట్టుకున్నారు. వెంటిలేటరు పెట్టి 48 గంటలు దాటాక వచ్చే నిమోనియాలో ఈ లెక్క ముఖ్యం. మన దేశపు ఐ.సి.యు.లలో ఆ రకం నిమోనియా తెచ్చేవి ఎక్కువగా అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ అనేవి. మందులకు మొండికేసేవి కూడా ఇవే.

గొట్టంనుండి తీసిన తెమడ చాలునా, బ్రాంకోస్కోపీ చేయవలసిందేనా అన్నదానిమీద కూడా వాదం నడిచింది. 2000లో ఫ్రాన్సులో 413 మంది రోగులమీద జరిగిన పరిశోధనలో, లోపలినుండి నమూనా తీసి లెక్కకట్టిన పద్ధతిలో 14 రోజులలోపు మరణాలు తక్కువని తేలింది. 2006లో కెనడావారు 740 మంది మీద చేసిన పరిశోధనలో రెండు పద్ధతులకూ తేడా కనబడలేదు. అయితే ఆ రెండవ పరిశోధనలో కొన్ని మొండి క్రిములు ఇదివరకే ఉన్నవారిని చేర్చుకోలేదు. కాబట్టి ఏ ఆసుపత్రికి ఏది అనువో, ఏ రోగి తట్టుకోగలడో చూసి నిర్ణయిస్తారు. ‘పక్క ఆసుపత్రిలో బ్రాంకోస్కోపీ చేశారట, ఇక్కడెందుకు చేయలేదు?’ అని తగవు పెట్టుకోవలసిన పనిలేదు. నమూనా తీశారా, ఎప్పుడు తీశారు అని అడిగితే చాలు.

నమూనా ముందు, మందు వెంటనే

ఎప్పుడు తీశారన్నది ఎందుకు ముఖ్యమంటే, యాంటీబయాటిక్ ఒంట్లో పడ్డాక కల్చర్‌లో క్రిమి పెరగడం బాగా తగ్గిపోతుంది. కనుక నమూనా ముందు తీయాలి. అలాగని రిపోర్టు వచ్చేదాకా మందు ఆపకూడదు. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. బి.పి. పడిపోయిన రోగికి గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలని ప్రపంచమంతటా డాక్టర్లు పాటించే సూత్రం. అందుకని నమూనా తీయడానికి కొద్ది నిమిషాలు, ఆ వెంటనే మందు. అప్పటికి పేరు తెలియదు గనుక, అనుమానం ఉన్నవాటన్నిటికీ సరిపోయే పెద్ద మందులు ఇస్తారు. రిపోర్టు వచ్చాక అవసరం లేనివి తీసేస్తారు.

ఇక్కడే మనవాళ్లకు అపోహ వస్తుంది. నిన్న మూడు ఇంజక్షన్లు చేశారు, ఇవాళ ఒకటే చేస్తున్నారు, పట్టించుకోవడం మానేశారా అని. నిజానికి పేరు తెలిసింది కాబట్టే తగ్గించారు, అది శుభవార్త. రోజుల లెక్క కూడా అంతే. 2003లో ఫ్రాన్సులో 51 ఐ.సి.యు.లలో 401 మంది వెంటిలేటరు నిమోనియా రోగులకు కొందరికి 8 రోజులు, కొందరికి 15 రోజులు మందు ఇచ్చి చూశారు. మరణాలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సూడోమోనాస్ వంటి క్రిముల విషయంలో మాత్రం తక్కువ రోజులవారికి తిరగబెట్టడం ఎక్కువగా కనబడింది. ఎన్ని రోజులు వాడాలన్నదానికీ క్రిమి పేరే ఆధారమని దీనివల్ల తెలుస్తున్నది.

అన్ని పరీక్షలూ చేసినా కారణం తేలకపోవచ్చు. అమెరికాలో షికాగో, నాష్‌విల్ నగరాల్లో నిమోనియాతో ఆసుపత్రుల్లో చేరిన పెద్దవారిలో 2,259 మందికి అన్ని రకాల పరీక్షలు చేస్తే, 38 శాతం మందికే ఏదో ఒక క్రిమి దొరికిందని 2015లో ప్రకటించారు. దొరికినవాటిలో బాక్టీరియాలకంటే వైరస్‌లే ఎక్కువ. అంత సంపన్న దేశంలోనే అలా ఉంటే, మన ఊరి ఆసుపత్రిలో ‘కల్చర్‌లో ఏమీ రాలేదు’ అన్నంతమాత్రాన డాక్టరుకు చేతకాలేదని అర్థం కాదు. అయితే పరీక్షలు మౌనంగా ఉన్నప్పుడు డాక్టరుకు మిగిలే ఆధారం ఒక్కటే, రోగి కథ. ఆ కథ చెప్పవలసింది ఇంటివాళ్లే.

పొలం సంగతి అడిగిన డాక్టరమ్మ

దీనికి మా ఇంట్లో జరిగినదే చెబుతాను. మా బావమరిది రిటైరైన బడిపంతులు. అప్పటికి 66 ఏళ్లు, షుగరు ఉంది. గోదావరి డెల్టాలో సొంత వ్యవసాయం. వానలు ముమ్మరంగా పడుతున్న రోజుల్లో జ్వరం వచ్చింది, నాలుగో రోజుకు ఆయాసం. దగ్గరి పట్నంలో ఒక నర్సింగ్ హోములో చేర్చారు. రక్తం తీసి కల్చర్‌కు పంపి మందులు మొదలుపెట్టారు. రిపోర్టులో సూడోమోనాస్ జాతి అని, బయటి క్రిమి కలిసి ఉండవచ్చని రాసి వచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టారు. జ్వరం తగ్గలేదు. హైదరాబాదు తరలించేసరికి వెంటిలేటరు పెట్టవలసి వచ్చింది.

అక్కడి ఐ.సి.యు.లో ఒక చిన్నవయసు డాక్టరమ్మ బయటికి వచ్చి మా చెల్లెమ్మను, అంటే మా బావమరిది భార్యను, కూర్చోబెట్టి అరగంట ప్రశ్నలు వేసింది. ‘అమ్మా, సారు పొలంలోకి చెప్పులు లేకుండా దిగేవారా? కాలికి దెబ్బలేమైనా ఉన్నాయా? ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండేదా? పక్షులు, కోళ్లు ఉన్నాయా? ఈ మధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశారా? నిద్రలో పొలమారేదా? ఏ మాత్రలు వాడారు?’ మా చెల్లెమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. రోజూ దమ్ము మడిలోకి దిగేవారని, కాలి మడమలు పగిలి ఉండేవని చెప్పింది. డాక్టరమ్మ పాత కాగితాలు అడిగింది. మా మేనల్లుడు ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు తారీఖు వరసన ఫైలు చేసి ఉంచాడు. రక్తం కల్చర్ రిపోర్టు చూడగానే ఆమె లాబొరేటరీకి ఫోను చేసి, అనుమానం ఫలానాదని చెప్పి, కొత్త నమూనాలు పంపింది. మెలియాయిడోసిస్ అని తేలింది.

ఆ జబ్బు క్రిమి తడి మట్టిలో, నీటిలో ఉంటుంది. చర్మం పగుళ్లద్వారానో, గాలితోనో ఒంట్లోకి వస్తుంది. షుగరు ఉన్నవారిని ఎక్కువగా పట్టుకుంటుంది. వానాకాలంలో ఎక్కువ. దీనిని మొదట వర్ణించినవారు 1912లో రంగూన్‌లో విట్మోర్ అనే డాక్టరు, ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి. పరిచయం లేని లాబొరేటరీలో దీనిని వేరే సూడోమోనాస్ అనో, బయటి క్రిమి అనో పొరబడటం జరుగుతూ ఉంటుంది. మామూలుగా వాడే మందులు చాలావరకు దీనిమీద పనిచేయవు. థాయిలాండులో సెఫ్టాజిడిమ్ అనే మందు వాడిన తరువాత తీవ్రమైన కేసుల్లో మరణాలు 74 శాతంనుండి 37 శాతానికి తగ్గాయని 1989లో ప్రకటించారు. పేరు తెలిసి సరైన మందు పడటానికీ, పడకపోవడానికీ అంత తేడా ఉంటుంది. మా బావమరిదికి రెండు వారాలకు పైగా ఆ ఇంజక్షన్లు చేసి, తరువాత మూడు నెలలు మాత్రలు వాడించారు. మనిషి దక్కాడు. నాలుగు లక్షల విలువచేసే యంత్రాలు ఆ గదిలో చాలా ఉన్నాయి. కానీ దారి చూపింది మాత్రం పొలం గురించిన ఒక ప్రశ్న, పారేయకుండా ఉంచిన ఒక కాగితం.

మన వంతు పని

మిత్రులారా, మనం ముప్ఫై ఏళ్లు కాగితాలతోనే బతికాం. ఇతరుల ఫైళ్లు ఒక్క కాగితం పోకుండా చూసినవాళ్లం, సొంత ఆరోగ్యం ఫైలు కూడా అలాగే ఉంచుకోవాలి. ఈ దిగువ విషయాలు దయచేసి గమనించండి.

ఒకటి, జ్వరం రాగానే మందుల దుకాణంలో యాంటీబయాటిక్ మాత్రలు అడిగి కొనవద్దు. 2014 మార్చి నుండి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం, అందులోని మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రిజిస్టరులో రాయాలి. నిబంధన సంగతి అటుంచండి. రెండు పూటలు మింగిన మాత్ర రేపు కల్చర్‌లో క్రిమిని కనబడకుండా చేస్తుంది, మొండి క్రిములనూ పెంచుతుంది. ఒకవేళ ఇదివరకే వాడి ఉంటే దాచకుండా పేరు, తారీఖు చెప్పండి. ఖాళీ అట్ట చూపించినా చాలు.

రెండు, ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఈ సంగతులు చెప్పాలి: షుగరు, క్షయ, మూత్రపిండాల జబ్బు, స్టెరాయిడ్ మాత్రలు, మందు పడకపోవడం, గత మూడు నెలల్లో ఆసుపత్రిలో ఉన్నారా, ఏ యాంటీబయాటిక్ ఇంజక్షన్లు చేశారు, ప్రయాణాలు, పొలం పని, పశువులు, పక్షులు, ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం, పొగ, మద్యం. పరువుకోసం క్షయనూ, మద్యాన్నీ దాచేవారున్నారు. డాక్టరు దగ్గర దాస్తే నష్టపోయేది మంచంమీది మనిషే.

మూడు, ఐ.సి.యు. డాక్టరును మర్యాదగా మూడు ప్రశ్నలు అడగవచ్చు. మందు మొదలుపెట్టకముందు నమూనాలు తీశారా? రిపోర్టు ఎప్పుడు వస్తుంది? రిపోర్టును బట్టి మందు మారుస్తున్నారా? ఈ మూడింటికీ ఏ మంచి డాక్టరూ విసుక్కోడు.

నాలుగు, ఒక ఆసుపత్రినుండి మరొకదానికి మారేటప్పుడు కల్చర్ రిపోర్టులు, ఇంకా రావలసిన రిపోర్టుల వివరాలు కూడా అడిగి తీసుకోండి. డిశ్చార్జి కాగితంతో జత చేయించుకోండి. రీయింబర్స్‌మెంటు కోసం బిల్లులన్నీ జాగ్రత్తచేసి, రిపోర్టులు మాత్రం వదిలేసి వచ్చేవారిని చూశాను. డబ్బు తిరిగొచ్చేది బిల్లుతో, ప్రాణానికి దారి చూపేది రిపోర్టు.

ఐదు, అసలు రాకుండా చూసుకోవడం అన్నిటికంటే మేలు. ఇన్‌ఫ్లుయెంజా టీకా ఏటా, న్యూమోకాకస్ టీకా ఎప్పుడు, ఏది వేయించుకోవాలో డాక్టరును అడగండి. రాత్రి పళ్లసెట్టు తీసి, నోరు శుభ్రం చేసుకుని పడుకోండి. పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి అన్నం పెట్టవద్దు. పొలమారిన మెతుకే నెమ్ముకు కారణం కావచ్చు.

చివరగా సభవారి ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. మన సంఘం తరపున ఒక పేజీ ఆరోగ్య చీటీ అచ్చువేయించి ప్రతి సభ్యునికీ ఇద్దాం. రెండో అంశంలో చెప్పినవన్నీ అందులో ఉండాలి. ఏటా పింఛనుకోసం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూనే ఉన్నాం. అదే నెలలో ఈ చీటీని కూడా తాజాగా పూర్తిచేసి, పింఛను పుస్తకంలో పెట్టి, అది ఎక్కడున్నదో ఇంట్లోవాళ్లకు చూపిద్దాం. లైఫ్ సర్టిఫికెట్ మనం బతికి ఉన్నామని ట్రెజరీకి చెబుతుంది. ఈ చీటీ మనం మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు మన తరపున డాక్టరుకు జవాబు చెబుతుంది. అచ్చు ఖర్చులో నా వంతు ఇప్పుడే కోశాధికారిగారికి ఇస్తున్నాను.